గుర్వమ్మ కట్టించుకోని దారం

కురుమ గుర్వమ్మ పానగల్లులో నిలబడి మందను కేకేస్తే రామన్నపేటలో మేస్తున్న గొర్రెలు తలలెత్తి చూసేవట. చూడటమే కాదు, ఒకసారి నాలుగు గొర్రెలు ఆ కేక పట్టుకుని నడిచి వచ్చేశాయి కూడా. వాటి ఆసామి వెతుక్కుంటూ వచ్చి గొడవకు దిగితే, "అడగకుంట వచ్చినయి, అడగకుంటనే తోల్కపో" అందట.

అంత గొంతున్న మనిషి, 1959 ఎండాకాలంలో, తనది కాని నేల మీద నోరు మూసుకుని వరసలో నిలబడాల్సి వచ్చింది. కృష్ణ మీద కడుతున్న ఆనకట్ట నిండితే ఆమె ఊరు నీళ్ల పాలవుతుంది. ఆ ఊరి జనం కోసం సర్కారు నల్లగొండ దిక్కున మెట్ట మీద కాలనీ వేసింది. సున్నం గీతల మధ్య నూట ఇరవై జాగాలు, ఒక బడి, ఒక బావి. గుర్వమ్మకు పదిహేడో నంబరు వచ్చింది. మొగుడు బీరన్న పోయి ఏడేళ్లయింది. ఆమెకు మిగిలినవి అరవై గొర్రెలు, నెత్తిన ఒక గొంగడి. ఆ జాగాకు పట్టా రాకపోతే మందను నిలబెట్టుకునే చోటు భూమ్మీద ఎక్కడా లేదు.

పట్టాలు పంచే ఆఫీసరు కోస్తా నుంచి వచ్చినవాడు. మంచివాడే. లంచం ముట్టడు, ఒకరి ఇంట్లో మజ్జిగ కూడా తాగడు. కొత్త ఊరికి వచ్చేవాళ్లు కొత్త మనుషులై రావాలన్నది ఆయన పట్టుదల. అందుకని తానే కూర్చుని ఒక ప్రమాణం రాశాడు. దేవుళ్లకు జీవాలను కోయం, గొంగడి కప్పుకుని సభకు రాము, శుభ్రమైన తెలుగు మాట్లాడతాం, అందరం ఒకే బావిలో నీళ్లు తోడుకుంటాం. ఇది పలికినవాళ్ల కుడి మణికట్టుకు, తన రాట్నం మీద స్వయంగా వడికిన నూలు దారం కట్టి, అప్పుడు పట్టా చేతిలో పెట్టేవాడు.

పాపం, ఆయనకు కురుమల సంగతి తెలియదు. వాళ్లలో పెళ్లికి ఉన్ని కంకణం కట్టే ఇళ్లు వేరు, పత్తి కంకణం కట్టే ఇళ్లు వేరు. ఒకరి పిల్లను ఒకరు చేసుకోరు. కంకణం పదహారు రోజులకు విప్పేసినా, ఉన్ని కట్టిన చేయి చచ్చేదాకా ఉన్ని కట్టిన చేయే.

"చేయి చాపమ్మా," అన్నాడు ఆఫీసరు.

"పట్టాకా, దారానికా సారూ?"

"రెండింటికీ."

"పట్టాకు చాపుత. దారానికి చాప."

వరసంతా మెడలు సాచింది.

"నా పెండ్లిల ఉన్ని కట్టిన్రు సారూ. నలుగురి ముంగట గీ చేతికి నూలు కట్టించుకుంటె, నేను బీరన్న పెండ్లాన్ని కానని నేనే ఒప్పుకున్నట్టు."

"ఇది పెళ్లి కంకణం కాదమ్మా! మనమంతా ఒకటేనని గుర్తు. ఎవరి ఆచారం వాళ్లు పట్టుకుని కూర్చుంటే దేశం ఎప్పటికి ఒకటవుతుంది?"

"మంచి మాటనే. అయితే నువ్వు నీ జంజెం తీసి ఉన్ని దారం ఏసుకో. గప్పుడు నేను నూలు కట్టించుకుంట. ఇద్దరం ఒకటైతం."

ఆఫీసరు చేయి తెలియకుండానే భుజం మీదికి పోయింది. వరసలో నవ్వు ఆగలేదు.

"పన్ను కడత సారూ. ఓటేస్త. దొంగతనం చేస్తె జేల్ల ఎయ్యి. నా దేవుడు బీరప్పకు ఏం కోస్తనో, నెత్తికి ఏం కప్పుకుంటనో, ఏ మాటల ఏడుస్తనో, గది సర్కారుకెందుకు?"

"అయితే ఈ ప్రమాణం కాగితం చింపేయమంటావా?" ఆయన మొహం ఎర్రబడింది.

"చింపు!"

"చింపకు సారూ!" వరసకు ఆరడుగుల ఎడంగా నిలబడ్డ కూలి పెద్దులు అరిచాడు. "అక్కా, నీ గొంగడి నువ్వు కప్పుకో, ఎవడొద్దన్నడు? గని ఆఖరుకు బాయి ముచ్చట రాసిండు సూడు, గది మాకోసం రాసిండు. గది గుడ చింపిస్తవా?"

గుర్వమ్మ పెద్దులు వైపు తిరిగింది. పాత ఊళ్లో పెద్దులు భార్య బిక్షమ్మ కుండలోకి ఇరవై ఏళ్లు తానే పైనుంచి నీళ్లు వంచింది, అంటకుండా, ఒక్క చుక్క తన మీద పడకుండా.

ఆమె మరిది దుర్గయ్య చెవి దగ్గరికి వంగాడు. "గదీ మన ఆచారమే గద వదినె. మొత్తం చింపమను."

గుర్వమ్మ మరిదిని చూసింది, పెద్దులును చూసింది.

"కంకణం నా చేతికుంటది దుర్గయ్యా. బాయి ఆచారం ఆళ్ల గొంతు మీదుంటది. రెండూ ఒకటెట్లయితయి? సారూ, గా ఒక్క ముచ్చట ఉంచు, దానికి ఏలుముద్ర ఏస్త. మిగిలినయి కొట్టెయ్."

"కుదరదు," అన్నాడు ఆఫీసరు.

"అయితె నాకూ కుదరది."

నేరుగా పోయి పదిహేడో జాగాలో గొంగడి పరిచి కూర్చుంది. చుట్టూ అరవై గొర్రెలు. మూడో నాటికి ఆ గొర్రెలు కాలనీలోని సున్నం గీతలన్నీ నాకి పారేశాయి. పదిహేడు ఎక్కడ ఆగిందో, పద్దెనిమిది ఎక్కడ మొదలైందో కొలిచినవాళ్లకే తెలియకుండా పోయింది. ఐదో నాటికి నలుగురు కురుమలు చేతి దారాలు విప్పి ఆఫీసరు బల్ల మీద పెట్టి వచ్చారు.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం ఆఫీసరే నడిచి వచ్చాడు. గుర్వమ్మ గొంగడి మీద కాస్త జరిగి చోటిచ్చింది. ఆయన ఒక క్షణం తటపటాయించి కూర్చున్నాడు.

"దారం కట్టాలని ఏ రూల్లోనూ లేదమ్మా. నేను పెట్టిందే," అన్నాడు నేల చూస్తూ. కాగితంలో మూడు వాక్యాలు కొట్టేసి ఉన్నాయి. బావి వాక్యం ఒక్కటే మిగిలింది. గుర్వమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుని, బొటనవేలు సిరాలో ముంచి గట్టిగా ఒత్తింది. ఆయన ఇచ్చిన పట్టా మడిచి రొండిన దోపుకుంది.

దుర్గయ్య కుతకుతలాడుతూ వచ్చాడు. "చెయ్యి దక్కిచ్చుకున్నవు, కులం పోగొట్టినవు. రేపు బాయి కాడ నీ పక్కపొంటి ఎవరు నిలబడ్తరు?"

"బిక్షమ్మ నిలబడ్తది," అంటూ గుర్వమ్మ కుండ చంకకెత్తుకుంది. "నీకు గొంతెండి దూపయితె మా ఎనుక నిలబడు."