తోక చివర కొత్త ఈక

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో యాకుత్‌పురాలో ఒక కిరాణా వ్యాపారి ఇంటి మేడ మీద అద్దెకుండేవాణ్ణి. నా పరిశోధన వలస పిట్టల ఈకల మీద. ఈక మొలిచే రోజుల్లో పిట్ట ఏ ప్రాంతపు నీళ్ళు తాగిందో, ఆ నీళ్ళలోని హైడ్రోజన్ గుర్తు ఈకలో నిలిచిపోతుంది. ఒక్క ఈక దొరికితే చాలు, చలికాలం మన దగ్గరికొచ్చే పిట్ట ఎంత ఉత్తరాన ఈకలు మార్చుకుందో అంచనా కట్టవచ్చు. ఇదంతా చెబితే ఓనరమ్మ పడీ పడీ నవ్వేది.

"గింత సదువు సదివి ఈకలు పీకుతున్నవా?"

ఆ చలికాలం ఆ నవ్వు ఆగిపోయింది. ఆమె మనవరాలికి జ్వరం పట్టుకుని వదల్లేదు. డాక్టర్లు ఒక పరీక్ష అయ్యాక ఇంకో పరీక్ష రాసేవారు. పక్కింటి ముసలమ్మ సదఖా ఇవ్వమంది. బజార్లో పిట్టను కొని, దిష్టి తీసినట్టు పాప తల చుట్టూ తిప్పి వదిలితే, పీడ దానితోపాటే పోతుందట. ఓనరమ్మ పసుపు పొట్ట పిట్టనొకదాన్ని తెచ్చింది. వదిలేముందు నేను ఒక ఈక అడిగాను.

"మళ్ళ మొలుస్తదా?"

"నెలా నెలన్నరలో మొలుస్తుందమ్మా."

తోక చివరి ఈక లాగాను. పిట్ట దబీర్‌పురా వైపు ఎగిరిపోయింది. పాపకు జ్వరం దిగింది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు, అయినా సంతోషించాను.

నెల తిరక్కుండానే జ్వరం మళ్ళీ వచ్చింది, ఈసారి ఒళ్ళు కాలిపోయేలా. ఓనరమ్మ మళ్ళీ బజారుకు పరుగెత్తి ఇంకో పిట్టను తెచ్చింది. అలవాటుగా తోక విప్పి చూశాను. నేను లాగిన చోటే, సగం మొలిచిన ఈక. పంజరంలో నీరసించిన పిట్ట ఎంతో దూరం పోలేదు. ఎవరో వలేసి పట్టి మళ్ళీ అమ్మకానికి పెట్టారు. ఈ కొత్త ఈకలో ఉన్నది ఏ ఉత్తరపు నీళ్ళూ కావు, మా నల్లా నీళ్ళే.

ఓనరమ్మ నా వేళ్ళ సందులోంచి చూసేసింది.

"గిది నువ్వు పీకిన పిట్టనే గదా? పోయిన పీడ దీనితోనే మళ్ళొచ్చిందా?"

"వేరేది అయ్యుంటుందమ్మా" అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆమె ముఖం చూసి భయం వేసింది.

ఆ మాటలకు పాప దుప్పట్లోంచి తలెత్తింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

"అవ్వా, నా పిట్ట! పంపకు, నా కాడనే ఉండనీ."

ఆమె గబుక్కున పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పిట్ట నా గుప్పిట్లోనే ఉంది. దాన్ని వదలమని ఎవరూ అనలేదు.