మామయ్య సెలవు రోజు

ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఏటా ఒక రోజు నిరుద్యోగి. ఆ రోజు జూలై ఒకటి. జూన్ ముప్పై సాయంత్రం కాలేజీ ల్యాబ్ తాళాలు ఆఫీసులో అప్పజెప్పి ఇంటికి వెళ్తాడు. జూలై రెండు పొద్దున్నే వచ్చి, కొత్త నియామకపు ఆర్డరు మీద సంతకం పెట్టి, అవే తాళాలు తీసుకుంటాడు. మధ్యలో ఆ ఒక్క రోజూ ఆ కాలేజీకి ఆయన ఏమీ కాడు. ఆ గండి వల్ల ప్రతి ఏడూ ఆయన కొత్తగా చేరినవాడే. సర్వీసు లెక్కకు రాదు, పింఛను ఊసే ఉండదు. మొన్న పర్మనెంటు పోస్టులో చేరిన గుమాస్తా కుర్రాడు కూడా ఆయనకు సీనియరే.

ఇదేమీ ఎవరో చూసుకోక జరిగిన పొరపాటు కాదు. తీరిగ్గా కూర్చుని, ఆలోచించి, ఆ ఒక్క రోజును అక్కడ పెట్టారు.

ఆయన కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటు. పిల్లలు ఆయన్ని బ్యూరెట్ మామయ్య అంటారు. బ్యూరెట్ అంటే పొడవాటి గాజు గొట్టం, కింద చిన్న కుళాయి. అందులోంచి ద్రావణాన్ని చుక్క చుక్కగా వదలాలి. కింద గాజుకుప్పెలో రంగు మారే ఘడియకు సరిగ్గా ఆపాలి. ఎక్కడ ఆపాలో లెక్చరర్లు బోర్డు మీద రాస్తారు. ఎలా ఆపాలో ఆయన పక్కన నిలబడి నేర్పుతాడు. "తొందరెందుకమ్మా, అదేమన్నా పారిపోతుందా? కుళాయిని ఎడమ చేత్తో పట్టుకో. ఆ... ఇప్పుడు ఊపిరి బిగబట్టు. చాలు!" ఆ ఊళ్ళో మందుల కంపెనీల్లో, ఆసుపత్రి ల్యాబుల్లో పనిచేసేవాళ్ళలో సగం మంది చేతులు ఆయన చేతి కింద తర్ఫీదైనవే.

ఒక జూలై ఒకటిన ప్రిన్సిపాల్ నుంచి ఫోను వచ్చింది. ల్యాబ్‌లో గ్యాస్ వాసన వస్తోంది, ఏ కుళాయో ఎవరికీ తెలియడం లేదు. ఆయన సైకిల్ మీద పరుగున వెళ్ళి, మూడో బల్ల కింద లీకు పట్టుకుని, బిగించి వచ్చాడు. పోతూ పోతూ, వచ్చిపోయేవాళ్ళ రిజిస్టరులో పేరు రాయబోతే ప్రిన్సిపాల్ ఆపాడు.

"అక్కడ రాయకయ్యా. ఈరోజు నువ్వు మా మనిషివి కావు. ఆడిట్‌లో ఇబ్బంది."

"అలాగే సార్" అని పెన్నుకు మూత పెట్టాడు. ఆయన జీవితమంతా ఆ "అలాగే సార్"లోనే ఉంది.

ఇంట్లో ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. చెల్లెలి సంబంధం మాట్లాడుతున్నప్పుడు ఎవరో పెద్దమనిషి "అమ్మాయి అన్నయ్య కాలేజీలో పర్మనెంటు" అన్నాడు. ఈయన కాదనలేకపోయాడు. ఆ తర్వాత ఒక జూలై ఒకటిన చెల్లెలు పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి, "ఇదేంటన్నయ్యా, పనిరోజు పూట ఇంట్లో ఉన్నావు?" అంది. నోటికొచ్చింది చెప్పేశాడు. "ల్యాబ్ వాళ్ళకి ఏటా ఒక రోజు సెలవుంటుందే. యాసిడ్లూ అవీ పీలుస్తాం కదా, అందుకని."

చెల్లెలు నమ్మింది. నమ్మి ఊరుకుందా? మరుసటి ఏడు అదే రోజుకు పిల్లాడితో దిగిపోయింది. ఆ పై ఏడూ అంతే. పిల్లాడు బళ్ళో చేరాక ఆ రోజు బడి ఎగ్గొట్టడం వాడి హక్కయింది. దానికి వాళ్ళింట్లో పేరు కూడా పెట్టుకున్నారు, 'మామయ్య సెలవు' అని. మామా అల్లుళ్ళు రైలు వంతెన మీదికి వెళ్ళి గూడ్సు పెట్టెలు లెక్కపెట్టేవారు. పాత గడియారం విప్పి, మళ్ళీ బిగించలేక అత్తయ్య చేత చీవాట్లు తినేవారు. బీట్‌రూట్ రసంలో సున్నపు తేట పోసి రంగు మార్చేవారు. ఆ రంగు చూసే వాడు కెమిస్ట్రీ చదువుతానన్నాడు.

చదివాడు. ఈ వేసవిలో డిగ్రీ పట్టా చేతికొచ్చింది. అక్కడ మొదలైంది ఈయనకు చిక్కు. మేనల్లుడికి ఏమివ్వాలి?

"వాచీ ఇవ్వన్నయ్యా" అంది చెల్లెలు.

"పెట్టె కొనండి, చక్రాలున్నది" అంది భార్య.

ఆయనకు ఒకటే పట్టుదల. ఇచ్చేది నిలవాలి. ఆ మాట అంటూ నాలుగు రోజులు సాయంత్రాలు బజారులో పడ్డాడు. కనబడిన ప్రతి వస్తువుకూ అది ఎన్నాళ్ళు వస్తుందని అడిగాడు. వాచీ షాపతను రెండేళ్ళ గ్యారంటీ అన్నాడు.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత కూడా నడుస్తుందండీ."

"నడుస్తుందని నువ్వంటున్నావు. కాగితం మీద ఉందా?"

"కాగితం మీద రెండేళ్ళేనండీ."

"మరి నడుస్తుందని నాకెందుకు చెప్తున్నావు నాయనా" అని బయటికి వచ్చాడు. పెట్టెల షాపులో చక్రాలు పట్టుకుని అటూ ఇటూ లాగాడు. ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది. షాపువాడు ఆయన వంకా, చక్రం వంకా చూశాడు. ఈయన దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, "నేనేమీ గట్టిగా లాగలేదు" అని చెప్పి జారుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే భార్య నవ్వు ఆపుకోలేకపోయింది.

"మీరు బహుమతి కొనట్లేదండీ, ఇన్‌స్పెక్షన్ చేస్తున్నారు. ఇలా అయితే వాడికి పెళ్ళై పిల్లలు పుట్టేదాకా తేలదు."

ఐదో రోజు ఆయనకు తోచింది. ల్యాబ్‌లో కూర్చునే పని ఉండదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాళ్ళ మీదే. కాబట్టి బూట్లు. అతికించినవి కావు, కుట్టినవి. అడుగు అరిగితే విప్పి కొత్త అడుగు వేసుకోవచ్చు, పై తోలు అలాగే ఉంటుంది. బస్టాండు వెనక సందులో అలాంటివి కుట్టే ఆవిడ ఒకతె ఉంది. తండ్రి నుంచి పనీ, కొట్టూ, నోటి దురుసూ మూడూ వచ్చాయామెకు. శనివారం మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాడు.

"ఎన్నాళ్ళొస్తాయమ్మా?" కూర్చోకముందే అడిగాడు.

"నువ్వెన్నాళ్ళుంటావో చెప్పన్నా, దాన్నిబట్టి చెప్తా." ఆవిడ తలెత్తలేదు. "ఏడాదికోసారి నూనె రాసుకుంటే, అడుగు మార్చుకుంటూ పోతే, ఈ బాబు తల నెరిసేదాకా. ఏదీ బాబూ, కాలు పెట్టు."

నేల మీద తెల్ల కాగితం పరిచింది. కుర్రాడు చెప్పు విడిచి పాదం పెట్టాడు. ఆవిడ పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీయడం మొదలుపెట్టింది. "కదలకు. కదిలితే ఆరు వేళ్ళొస్తాయి."

"మామయ్యా, నీకో మాట చెప్పాలి" అన్నాడు కుర్రాడు, కాలు బిగబట్టి. మొహం వెలిగిపోతోంది. చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. "ఉద్యోగం వచ్చింది. నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ లేదూ, అక్కడ. సోమవారం సంతకం పెట్టి ఇచ్చేయాలి. ముందు నీకే చూపిస్తున్నా, అమ్మకి కూడా చెప్పలేదు."

"ఓరి నీ! ఏదీ, ఇటివ్వు."

"ఇంకో సంగతి చూడు, నాలుగో పేరా. నాకూ నీలాగే! ఏటా ఒక రోజు సెలవు. ఏడాది కాగానే ఒక రోజు విరామం అని రాశారు. ల్యాబ్ వాళ్ళందరికీ ఉంటుందన్నమాట. ఇద్దరి సెలవులూ ఒకే రోజు పడేట్టు చూడమని అడగనా?"

ఆయన నాలుగో పేరా చదివాడు. చదవక్కర్లేదు, ఆయనకు కంఠతా వచ్చు. ఇరవై ఆరుసార్లు సంతకం పెట్టిన వాక్యమే. కంపెనీ పేరు మారింది, అంతే.

ఒక్క మాట కూడా అనకుండా కాగితం మడిచి ఇచ్చేయవచ్చు. సంతోషంరా అల్లుడూ అని భుజం తట్టవచ్చు. కుర్రాడి సంబరం కుర్రాడికుంటుంది, తన పరువు తనకుంటుంది. ఆ రెండూ పోకుండా చూసుకోవడమే ఇన్నాళ్ళూ ఆయన చేసిన పని.

"అది సెలవు కాదురా" అన్నాడు.

"మరి?"

"ఆ రోజు నిన్ను తీసేస్తారు. మర్నాడు మళ్ళీ తీసుకుంటారు, కొత్తవాడిలా. నన్నూ అలాగే చేస్తున్నారు. నేను పర్మనెంటు కాదు. ఎప్పుడూ కాలేదు."

కుర్రాడు కాలు తీయబోయాడు. "కదలకన్నానా!" అని ఆవిడ చీలమండ గట్టిగా పట్టుకుంది. దాంతో ఆ మాట విని ఎటైనా పోదామన్నా పోలేక, కాగితం మీద ఒంటికాలితో నిలబడి, మేనమామ మొహంలోకి చూడాల్సి వచ్చింది.

"అంటే... మనం గూడ్సు బళ్ళు లెక్కపెట్టిన రోజులు..."

"ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు. నీకు మటుకు సెలవేలే. అది అబద్ధం కాదు."

పెన్సిలు గీత మడమ దాటింది.

"అమ్మకు తెలుసా?"

"తెలీదు. ఇవాళ చెప్తాను."

"మరి నన్నేం చెయ్యమంటావు మామయ్యా? మానుకోనా?"

"మానుకోమనను. ఉద్యోగం ఊరికే దొరుకుతుందా? ఆ ఒక్క రోజు తీసేయమని అడుగు. అడిగితే ఏమవుతుందో మాత్రం నన్నడక్కు. నేనెప్పుడూ అడగలేదు."

ఆవిడ పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది. "ఏమవుతుందన్నా, లేదంటారు. ఇప్పుడేమన్నా ఉందంటున్నారా? రెండో కాలు పెట్టు బాబూ."

ఆ సాయంత్రం చెల్లెలింట్లో చెప్పాడు. చెల్లెలు పొయ్యి మంట తగ్గించి వచ్చి కూర్చుంది. తర్వాత, "నాకు చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా? నేనేమన్నా పరాయిదాన్నా?" అని కళ్ళు తుడుచుకుని, అన్నయ్యకు ఇష్టమని గారెలు రెండో వాయి కూడా వేసింది. చెల్లెలి భర్త, ఇన్నేళ్ళూ ఎవరి దగ్గర ఆ పర్మనెంటు మాట అబద్ధమని దాచాడో ఆయనే, పేపరు దించి "ఈ సంగతి నాకెప్పుడో తెలుసు బావా. మా ఆఫీసులోనూ ఉన్నారు అలాంటివాళ్ళు" అన్నాడు, మళ్ళీ పేపరెత్తి. ఎంత బరువు, ఎంత ఊరికే మోశాడో అప్పుడు తెలిసిందాయనకు.

సోమవారం కుర్రాడు వెళ్ళాడు. మరో నలుగురు కొత్తవాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉన్నారు, అందరి చేతుల్లో అదే కాగితం. వాళ్ళకు నాలుగో పేరా చదివి వినిపించాడు. ఒకమ్మాయి ఇంటి పరిస్థితి చెప్పుకుని సంతకం పెట్టేసింది, ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు. మిగతా నలుగురూ కలిసి లోపలికి వెళ్ళారు.

"ఇది మామూలే. అందరికీ ఇంతే" అంది మేనేజరు.

"మేడమ్, ఆ ఒక్క రోజు ఊళ్ళో నీళ్ళు పరీక్ష చెయ్యరా?"

"ఎందుకు చెయ్యం?"

"ఎవరు చేస్తారండీ?"

ఆమె నాలుగో పేరా మళ్ళీ చదువుకుంది. కాగితాలు ఉంచి వెళ్ళమంది. మూడు రోజుల తర్వాత కొత్త ఆర్డర్లు వచ్చాయి. నాలుగో పేరా లేదు, సంతకం పెట్టేసిన అమ్మాయి ఆర్డరులో కూడా. ఉద్యోగాలు ఇంకా కాంట్రాక్టువే. దీన్ని విజయమని నేననను. ఒక వాక్యం పోయింది, అంతే.

కానీ ఆ మాట విన్నాక ఆయన ఊరికే ఉండలేకపోయాడు. కాలేజీలో తనలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మొదటిసారి వాకబు చేశాడు. తొమ్మండుగురు తేలారు. లైబ్రరీ ఆవిడది ఆగస్టు పది. తోటమాలిది జనవరి మూడు. హాస్టల్ వంటతనిది మార్చి పద్దెనిమిది. ఒక్కొక్కరి రోజు ఒక్కో తారీఖు. ఏ ఇద్దరూ ఒకే రోజు ఇంట్లో ఉండకుండా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా అమర్చారు. ప్రతివాళ్ళూ తానొక్కణ్ణే అనుకుని సిగ్గుతో ఇంట్లో ఏదో ఒక అబద్ధం చెప్పుకున్నారు. పదిమందీ కలిసి ఆయన చేతిరాతతో మేనేజ్‌మెంటుకు ఉత్తరం రాశారు. కింద పది సంతకాలు. జవాబు ఇంకా రాలేదు.

ఇది చదువుతున్న మీలో లెక్చరర్లున్నారు, ఆఫీసర్లున్నారు, కాలేజీలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులున్నారు. మీరు పనిచేసే చోట ఏడాదికి ఒక రోజు కనబడకుండా పోయే మనిషి ఎవరో కనుక్కోండి. కష్టమేమీ కాదు, ఏటా కొత్త ఆర్డరు మీద సంతకం పెట్టేది ఎవరని గుమాస్తాను అడిగితే చాలు. వాళ్ళను కలపండి. వాళ్ళు ఉత్తరం రాస్తే, మీ ఉద్యోగం గట్టిది కాబట్టి, ముందు మీ సంతకం పెట్టండి. ఈ వేసవిలో మీ ఇంట్లో డిగ్రీ పుచ్చుకున్న అబ్బాయో అమ్మాయో ఉంటే, ఇవ్వదలచుకున్నది ఇవ్వండి. ఇచ్చేముందు వాళ్ళ మొదటి ఆర్డరు వాళ్ళ పక్కన కూర్చుని, ప్రతి పేరా పైకి చదవండి.