తెరిపిచ్చిన ఆ ఒక్క రోజు

ఒక చిన్న అబద్ధం నా గుండెల మీద ఎక్కి కూర్చుని చాలా ఏళ్లయింది. దిగదు. పెళ్లిళ్లలో, చావుల్లో, చేలో వంగి పనిచేసేటప్పుడు, పిల్లలకు అన్నం పెట్టేటప్పుడు కూడా అక్కడే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది నారాయణఖేడ్‌కు నడిచి పోయేంత దూరంలో ఉన్న ఊరు. వాన కోసం మొగులు చూసి చూసి మెడలు నొచ్చే మనుషులం. అలాంటి చోట, ఎనభైలలో ఒక ఏడు, భాద్రపదంలో పట్టిన ముసురు ఇక వదల్లేదు. ఇప్పటికీ ఎంత వాన కురిసినా మా పెద్దవాళ్లు "గా యేడు వాన ముందు గిదేంత" అంటారు. గోడలు నాని కూలాయి. నల్లరేగడిలో అడుగుపెడితే మోకాలి దాకా దిగేది. కోతకొచ్చిన మినుము చేలోనే తడిసి, కాయల్లోనే మొలకెత్తసాగింది.

ఇంట్లో మగవాళ్లు లేరు. నా భర్త, మరిది ఇద్దరూ కూలి పనికి హైదరాబాద్ పోయారు. ఉన్నది మంచం పట్టిన అత్త, నేను, మరిది భార్య శరణమ్మ. శరణమ్మ పుట్టిల్లు కంగ్టి అవతల, కన్నడం మాట్లాడే ఊళ్లో. ముసురు పట్టిన కొత్తలోనే ఆమె తల్లికి బాగాలేదని కబురు వచ్చింది. అప్పటికే వాగులు పొంగి బస్సులు ఆగిపోయాయి. ఆమె ఏడవలేదు. పొద్దున లేవగానే వాకిట్లోకొచ్చి మొగులు చూసేది. మళ్లీ లోపలికి పోయేది.

ఒక రోజు వాన తెరిపిచ్చింది. ఎండ కూడా పొడిచింది. అత్తకు దగ్గు మందు తేవడానికి నేను ఖేడ్ పోతుంటే, బస్టాండులో కంగ్టి బస్సు సంగతి కనుక్కుని రమ్మంది శరణమ్మ.

కనుక్కునే అవసరమే రాలేదు. బస్సు నా కళ్ల ముందే ఉంది. కోడిని చంకలో పెట్టుకున్న ఒక ముసలామెను కండక్టరు చేయి పట్టి ఎక్కిస్తున్నాడు. మధ్యాహ్నం ఇంకో బస్సు ఉందని కూడా అతనే చెప్పాడు. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా చూసి వచ్చాను.

దారంతా నా తలలో మినుమే. కూలోళ్లు దొరకరు, ఎవరి చేలో వాళ్లున్నారు. ఒక్కదాన్నే పీకితే సగం కూడా కాదు. ఇద్దరమైతే పొద్దుగూకేలోగా అయిపోతుంది. ఒక్క రోజే కదా. రేపు పోతుంది. రేపటికి తల్లి ఉండదా? ఇలా అనుకున్నానని రాస్తుంటే చేయి ఆగిపోతోంది. కానీ అనుకున్నది అదే.

నేను వచ్చేసరికి శరణమ్మ చేను గట్టు మీద నిలబడి ఉంది.

"అక్కా, కంగ్టి బస్సు పోతుందా?"

"పోతలేదు. వాగు ఇంకా రోడ్డు మీదనే ఉందంట."

"మరి ఎప్పుడు పోతదంట?"

"వాన లేదు గద. రేపు పోతదేమో."

ఆమె కాసేపు ఎండను చూసింది. "గట్లనా. అయితే ఇగ ఇయ్యాల మినుము పీకుదాం పా. రేపు పోత," అంది.

కొంగు నడుముకు చుట్టి చేలోకి దిగింది. అన్నం తినడానికి కూడా గట్టెక్కలేదు. నాకంటే రెండు సాళ్లు ముందుండి పీకింది. త్వరగా అయిపోతే త్వరగా పోవచ్చనుకుందో ఏమో. అప్పుడైనా చెప్పొచ్చు కదా? మధ్యాహ్నం బస్సుకు ఇంకా వేళ ఉంది. నోటిదాకా వచ్చింది. మిగిలిన సాళ్లు చూశాను, మింగేశాను.

సాయంత్రానికి మొగులు కమ్మింది. తెల్లారేసరికి వాగు నిజంగానే రోడ్డెక్కింది. నా అబద్ధాన్ని వాన నిజం చేసింది. మళ్లీ రోడ్డు తెరుచుకునే నాటికి శరణమ్మ తల్లి చనిపోవడమే కాదు, మట్టి చేయడం కూడా అయిపోయింది. బిడ్డ ఏదీ, బిడ్డ ఏదీ అని అడుగుతూ పోయిందట.

ఇంతా చేసి ఆ మినుమైనా దక్కిందా? ఎండ లేక, ఇంట్లో కుప్ప వేసిన చోటే వేడెక్కి బూజు పట్టింది. ఎత్తి పెంట మీద పోశాం. అయినా అత్త మాత్రం అందరితో, పెద్ద కోడలు ఎంత కష్టపడిందో అని చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. ఎవరి మీద? ఒక్కోసారి శరణమ్మ మీదే. నా మాట అంత తేలిగ్గా ఎందుకు నమ్మావు? బస్టాండుకు నువ్వే పోయి చూసుకోవచ్చు కదా? చూడండి, తప్పు నాది, కోపం ఆమె మీద. ఇంత సిగ్గులేనితనం మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది?

కొన్నేళ్ల తర్వాత ఒకసారి చెబుదామనే కూర్చున్నాను. ఇద్దరం పప్పు ఏరుతున్నాం. అంతలో ఆమే అంది: "నాదే తప్పక్కా. బస్సు లేకుంటే ఏమాయె, నడిచన్న పోవల్సుండె." ఇన్నేళ్లుగా తనను తాను తిట్టుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది. ఆమె తప్పు లేదని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. "పోనీలే, వాన గద," అన్నాను. రెండోసారి కూడా వాన మీదికే నెట్టాను.

ఆమె క్షమిస్తుందో లేదో తెలియదు. క్షమించమని అడిగే ధైర్యం నాకు ఇంకా రాలేదు. ఎప్పటికైనా వస్తుందని మీకు మాట ఇవ్వలేను. శరణమ్మ పక్క ఇంట్లోనే ఉంది, ఇది రాస్తున్నంతసేపూ ఆమె గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ రోజు కంగ్టి బస్సు పోయింది. నేను చూశాను.

రాశాను. ఇంతకాలానికి ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది.