మరకూ మనుషులకూ మధ్య ఖాళీ

నేను రాసింది 'మరమనుషులు' అని, ఒకే మాటగా. వారపత్రిక వాళ్లు దాన్ని విడగొట్టి 'మర మనుషులు' అని అచ్చేశారు. ఆ ఖాళీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో సైన్సు మాస్టరును. రాబోయే కాలంలో యుద్ధాలు చేసే రోబోల మీద కథ రాశాను. ఎవరిని కాల్చమంటే వాళ్లను కాలుస్తాయి, ఎందుకని అడగవు. చివర్లో ఒకటి మాత్రం తుపాకీ దించి, ఎదుటివాడిని చూపించి, ఇతనేం చేశాడని అడుగుతుంది. అదీ కథ. మా జిల్లాలో ఇలాంటిది ఇంకెవరు రాశారులే అని లోలోపల కాస్త పొగరు కూడా.

మా బావ, అంటే అక్క మొగుడు, జమ్మలమడుగులో ఒక నూనె మరలో పనిచేసేవాడు. చేరింది శనక్కాయల మూటలు తూకం వేయడానికి. ఎన్నికలొస్తే మాత్రం యజమాని జీపెక్కమనేవాడు. ఫ్యాక్షన్ రోజులవి. ఫలానా ఆయన మనుషులంటే ఆయన కోసం కత్తి పట్టేవాళ్లని మా వైపు అందరికీ తెలుసు. ఇక మర మనుషులంటే ఆ ఊళ్లో వేరే చెప్పాలా? నా మట్టిబుర్రకే తట్టలేదు.

ఎవరో కథను యజమానికి చదివి వినిపించారట. తన మనుషుల్లో ఒకడు ఎదురు తిరగబోతున్నాడని, ఆ సంగతి బావే నాకు చేరవేశాడని ఆయన తీర్మానించుకున్నాడు. అక్క ఏడుస్తూ కబురు పెట్టింది. బడికి సెలవు పెట్టి బస్సెక్కాను.

మరలో, ఆ దుమ్ములో నిలబడి గంటసేపు చెప్పాను. అవి ఇనుముతో చేసినవని, కరెంటుతో నడుస్తాయని, మీ మరకూ వాటికీ ఏ సంబంధమూ లేదని. కాగితం మీద బొమ్మ కూడా గీశాను. ఆయన తాపీగా విన్నాడు.

"ఇనుముదైతే, ఏం చేసినాడని యాడ అడుగుతాదప్పా? అడిగేటోడు మనిషే."

నా కథను అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఇంకెవరూ లేరు, నా కర్మ.

ప్రొద్దుటూరు వచ్చేయమని బావను బతిమాలాను. ఇప్పుడు కదిలితే తప్పు ఒప్పుకున్నట్లేనట, అక్కను బతకనియ్యరట. నీ కథ మాత్రం శానా బాగుందన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

పోలింగు ముందర బావను జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పులివెందుల దిక్కుకు తీసుకుపోయారు. యజమాని దగ్గర నమ్మకం నిలబెట్టుకోవాలి కదా. మూడోనాడు తిరిగొచ్చాడు. ఒంటిమీద గీత కూడా పడలేదు. అక్క దిష్టి తీసి సంగటి పెట్టింది. కబురు తెలిసి వెళ్లిన నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఎవర్ని కొట్టినారు బావా?"

"తెలీదప్పా. వాళ్లు చెప్పల్యా, నేను అడగల్యా."

అక్కను ఇంకో ముద్ద పెట్టమన్నాడు.