గోడ మీది వంగిన రాడ్

కాలిన ఇంజన్ ఆయిల్ వాసనల్లో నాకు తేడాలు తెలుసు. అరిగిపోయిన లారీది ఒక వాసన, ఆయిల్ మార్చకుండా ఏళ్ల తరబడి తోలిన ట్రాక్టరుది ఇంకో వాసన. బోల్తా పడి లేచిన బండిది మాత్రం వేరే. మొన్న భూపాలపల్లిలో నా షెడ్డు ముందుకు ఒక ఏటీవీని తెచ్చారు. చెరువు దగ్గర, చూడవచ్చిన వాళ్లకు బాడుగకిచ్చే నాలుగు లావు చక్రాల బండి అది. ట్రాలీ ఆటోలోంచి దించకముందే సైలెన్సర్ మీద ఆయిల్ కారి కాలిన వాసన నాకు తగిలింది. "ఒక్క పల్టీనే కొట్టిందక్కా. లేపి నిలబెట్టినం. స్టార్టర్ కొడితే గుర్రుమని ఆగిపోతున్నది. ఇంకొకసారి కొట్టి చూపిస్త" అన్నాడు దాన్ని తెచ్చిన కుర్రాడు. వాడు చూపించేలోపు తాళంచెవి పీకి నా చొక్కా జేబులో వేసుకున్నాను. వాడు మొహం మాడ్చుకున్నాడు. మాడ్చుకోనీ, నాకు ఆ పని నేర్పిన మనిషి వాడికి తెలియదు. మీకూ తెలియదు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు దేవదానం. డోర్నకల్ వాడు. రైల్వేలో డీజిల్ ఇంజన్ల ఫిట్టరుగా రిటైరై, నలుగురిలా ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చోక, అడవిలో మెకానిక్కు దిక్కులేదని కొత్తగూడకు వచ్చి రేకుల షెడ్డు వేశాడు. ఆదివారం చర్చికి డోర్నకల్ వెళ్లేవాడు, సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చేవాడు. మా తండా అక్కడికి రెండు కిలోమీటర్లు. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, సర్టిఫికెట్ పట్టుకుని చాలా షెడ్లు తిరిగాను. "ఆడపిల్లవు, టైపు నేర్చుకోరాదు?" అని అందరూ ఉచితంగా సలహా ఇచ్చారు. దేవదానం సార్ సర్టిఫికెట్ విప్పి కూడా చూడలేదు. ఒక్కటే అడిగాడు.

"ఏం చేయకుండ ఎంతసేపు కూసోగలవు బిడ్డా?"

నాకు ఒళ్లు మండింది. అయినా "మీరు చెప్పినంతసేపు" అన్నాను. ముందురోజు కాలువలో తిరగబడిన డీజిల్ ఆటో ఒకటి షెడ్డులో ఉంది. దాని పక్కన స్టూలు వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "నేను వచ్చేదాక ఎవ్వరికీ ఇయ్యకు" అని సామాన్ల కోసం నర్సంపేట వెళ్లాడు. చదివిన చదువుకు కాపలా పనా అని గొణుక్కుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం ఆటో యజమాని వచ్చాడు. మా బాపు వయసు మనిషి. "జర ఒక్కసారి స్టార్ట్ చేసి చూసుకుంట, పానం ఆగుతలేదు" అని బతిమాలాడు. పెద్దమనిషిని కాదనలేక ఇచ్చాను. తాళం తిప్పగానే లోపల సుత్తితో కొట్టినట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు.

బండి తలకిందులైనప్పుడు కింద ఉండాల్సిన ఆయిల్ పైకి పాకి, పిస్టన్ మీదికి చేరుతుంది. గాలిని నొక్కినట్టు ఆయిల్‌ను నొక్కడం ఏ ఇంజన్ వల్లా కాదు. నొక్కబోతే దాని రాడ్డే వంగుతుంది. ఇది నాకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. రాసి, రెండు మార్కులూ తెచ్చుకున్నాను కూడా.

సార్ సాయంత్రం వచ్చి ఇంజన్ విప్పాడు. వంగిన కనెక్టింగ్ రాడ్ బయటికి తీశాడు. పని పోయినట్టేనని నేను సంచి సర్దుకుంటున్నాను. ఆయన యజమానితో అన్న మాట ఇదే: "తప్పు నాది. కాపలా పెట్టిన గని, ఎందుకు కాపలానో ఆ బిడ్డకు చెప్పలే. రాడ్ నేనే ఏసిస్త." మర్నాడు ఆ రాడ్డును షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించాడు. వచ్చినవాళ్లు ఎవరు వంచారని అడిగితే, "నేనే" అనేవాడు. నా వైపు చూసేవాడు కూడా కాదు.

తర్వాత రెండేళ్లకు తెలంగాణ ఉద్యమం మా అడవి దాకా ముమ్మరమైంది. ఆ వానాకాలం ఒక రోజు కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తిని, బండ్లు ఆపాలని పిలుపు. షెడ్డు మూసి సార్, నేను అక్కడే ఉన్నాం. మా అన్న వీరన్న ట్రాక్టరులో బియ్యం, గిన్నెలు, తండా జనం రావాలి. ట్రాక్టరు బదులు ఒక పిల్లవాడు సైకిల్ మీద వచ్చి, బండి దారిలోని ఒర్రె వాగులో పడిందన్నాడు. సార్‌కు మోకాలి నొప్పి. "నువ్వు ఉరుకు, నేను ఎనకొస్త" అన్నాడు.

నేను చేరేసరికి మనుషులు క్షేమం. మెల్లగా పోతుండడంతో అందరూ దూకేశారు. ట్రాలీ ఊడి గట్టు మీదే నిలిచింది, ఇంజన్ మాత్రం చక్రాలు పైకెత్తి పడిందట. యాభై మంది మోకులేసి అప్పటికే లేపారు. జై తెలంగాణ అని కేకలు. మా తండా ముసలమ్మ గంగవ్వ దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తొక్కించమంటోంది. ర్యాలీ కోసం తెల్ల చొక్కా తొడుక్కున్న మా అన్న సీటు ఎక్కి తాళం పెట్టాడు. తండా మొత్తానికి అదొక్కటే ట్రాక్టరు. సగం పొలాలు ఇంకా దమ్ము చేయలేదు, నారు ముదిరిపోతోంది. ఇంజన్ పోతే ఆ ఏడాది నాట్లు పోయినట్టే. నేను పైకెక్కి తాళంచెవి పీకేశాను.

"కమిలీ, ఇయ్యి. అందరు చూస్తుండ్రు."

"చూడనీ."

"బండి నాదే!"

"నీదే. అందుకే ఇయ్య."

మంది నా మీద విరుచుకుపడ్డారు. ఆడపిల్లకు ఇంత పొగరా అన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఈసారి పిడికిలి విప్పలేదు. అంతలో సార్ ఎవరిదో సైకిల్ వెనక కూర్చుని వచ్చాడు. అన్న ఆయన దగ్గరికి పరుగెత్తి, జర చెప్పమన్నాడు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్లే మెకానిక్. ఆమెనడుగు" అన్నాడు సార్. తర్వాత గంగవ్వకు దండం పెట్టి, "అవ్వా, పైన తగిలిన దిష్టి నువ్వు తీసినవు. లోపల తగిలింది గీ బిడ్డ తీస్తది. లోపలిది అయినంకనే నిమ్మకాయలు" అన్నాడు. గొణుగుతున్న వాళ్ల వైపు తిరిగి, "రాష్ట్రం కోసం ఇన్నేండ్ల సంది ఆగినం. ఇంజన్ కోసం ఒక్క పూట ఆగలేమా?" అన్నాడు. ఎవరో నవ్వారు. జనం గిన్నెలు నెత్తికెత్తుకుని చౌరస్తాకు నడిచారు.

సార్ ఒక్క పానా కూడా ముట్టలేదు. నేనే గాలి ఫిల్టర్ విప్పి, అందులోకి పారిన ఆయిల్ తుడిచాను. ఇంజెక్టర్లు ఊడదీసి, ఇంజన్‌ను చేత్తో తిప్పమని అన్నకు చెప్పాను. రెండో చుట్టుకు నల్లటి ఆయిల్ చిమ్మి, తెల్ల చొక్కా నిండా పడింది. అన్న దాన్ని చూసుకున్నాడు, నన్ను చూశాడు, మళ్లీ ఇంజన్ తిప్పసాగాడు. అన్నీ బిగించి, తక్కువైన ఆయిల్ పోసి, సీటు ఎక్కాను. అప్పుడు సార్ ఒక చెక్క పలక తీసుకుని గాలి గొట్టం పక్కన నిలబడ్డాడు. మిగిలిన ఆయిల్ తాగి ఇంజన్ ఆగకుండా ఉరికితే, ఊపిరి మూయడానికి.

"నువ్వు తిప్పు. నేనున్న."

తిప్పాను. ఒర్రె నిండా నీలం పొగ. భయపడి ఆపబోయాను. "ఉండనీ, మింగింది కక్కుతున్నది" అన్నాడు. కాసేపటికి పొగ పలచబడింది, చప్పుడు కుదురుకుంది. పలక వాడే పని పడలేదు. అన్న సీటు వైపు రాలేదు. "నువ్వే తోలు" అన్నాడు. నిమ్మకాయలు నేనే తొక్కించాను. మడ్‌గార్డు మీద సార్‌ను కూర్చోబెట్టుకుని చౌరస్తాలోకి వెళ్తే, మా తండా ఆడవాళ్లు చేతులెత్తి కేకలేశారు. నా జీవితంలో అంత గర్వంగా నేను ఏ బండీ తోలలేదు. ఆ వారంలోనే పొలాలన్నీ దమ్మయ్యాయి.

రాష్ట్రం వచ్చాక నేను ఇక్కడ సొంత షెడ్డు పెట్టుకుంటే, అప్పటికే తన షెడ్డు మూసి డోర్నకల్ చేరిన సార్ పాత పేపరులో చుట్టి ఆ రాడ్డును పట్టుకొచ్చాడు. మేకు కూడా ఆయనే తెచ్చాడు. ఆ మరుసటి ఏడే పోయాడు.

ఏటీవీ ప్లగ్గు విప్పి ఆయిల్ కక్కిస్తుంటే, అలక తీరిన కుర్రాడు గోడ వైపు చూశాడు. "గిదేందక్కా, పాడైన రాడ్డును గోడకు పెట్టుకున్నరు? ఎవరు వంచిండ్రు?"

"నేనే" అన్నాను.

ఆయన నా కోసం అన్నేళ్లు అబద్ధంగా చెప్పిన ఆ ఒక్క మాటను, ఇప్పుడు నేను నిజంగా చెబుతున్నాను.