చిన్నమనూరు పిడికిటి బియ్యం, నేను చెడగొట్టిన పొంగలి

మా తెనాలిలో హైస్కూలు పిల్లలకి పొద్దునపూట టిఫిన్ పెడదామని నిరుడు మా వీధి ఆడవాళ్ళం ఎనిమిదిమందిమి నడుం బిగించాం. ఐదో ఆరో వారాలు ఉత్సాహంగా నడిచింది. ఒకరోజు సాంబారు మాడింది. ఇంకోరోజు వండే ఆవిడకి జ్వరం వచ్చింది. “ఇవాళ్టికి మానేద్దాం, రేపు చూద్దాంలే” అన్నాం, ఆ రేపు మళ్ళీ రాలేదు. ఆ మాట ముందుగా అన్నది నేనే. ఆంధ్రులు ఆరంభశూరులని ఎవరైనా ఎత్తిపొడిస్తే ఇదివరకు ఒళ్ళు మండేది, ఇప్పుడు నిజమే కదా అనిపిస్తోంది. అలాంటి సమయంలో నా పాత హాస్టల్ స్నేహితురాలు వసంత కోయంబత్తూరు నుంచి ఫోన్ చేసింది. తమిళనాడు తేని జిల్లా చిన్నమనూరులో వాళ్ళ మేనత్త సరోజక్క, ఇంకొన్ని తెలుగిళ్ళ ఆడవాళ్ళు ఇదే పని ఆరేళ్ళుగా చేస్తున్నారని, ఒక్క బడిరోజు కూడా తప్పలేదని చెప్పింది. ఆరేళ్ళా? ఎలా చేస్తున్నారో కళ్ళారా చూసి రావాల్సిందేనని అప్పుడే నిశ్చయించుకున్నాను.

బుధవారం పొద్దున కోయంబత్తూరు జంక్షన్‌లో దిగి, ఆటోలో పీలమేడు వెళ్ళాను. రెండొందల పైచిలుకు అడిగాడు, బేరమాడితే ఇరవై తగ్గించాడు. వసంత వాళ్ళది అక్కడ కాలేజీల వెనక వీధి. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ మధ్యమధ్యలో తమిళం వచ్చి కూర్చుంటుంది. తెలుగు అక్షరాలు మాత్రం ఎవరికీ రావు. నేను తీసుకెళ్ళిన మాగాయ సీసా మీద ఏం రాసుందో వసంత కొడుకు ఫోన్‌తో ఫొటో తీసి చదివించుకున్నాడు. గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి సింగానల్లూరు బస్టాండులో తేని బస్సెక్కాను. పళని మీదుగా ఆరుగంటలు పట్టింది. టికెట్టు రెండొందలు దాటింది. కిటికీ పక్కన ఎడమవైపు సీటు పట్టుకుంటే మధ్యాహ్నం ఎండ తప్పుతుందని వసంత చెప్పింది, నేను కుడివైపు కూర్చుని మాడిపోయాను. తేనిలో భోజనం చేసి టౌన్ బస్సెక్కితే ముప్పావుగంటలో చిన్నమనూరు. ఊరు దగ్గరపడేకొద్దీ వరిమళ్ళు, కొబ్బరితోటలు, పందిళ్ళ మీద ద్రాక్ష. పశ్చిమాన కొండలు.

సరోజక్కకి అరవై రెండేళ్ళు. భర్తతో కలిసి కొబ్బరికాయల వ్యాపారం చేస్తుంది, టీవీఎస్ మొపెడ్ నడుపుతుంది, కూర్చోమని రెండుసార్లు చెప్పదు. కాఫీ చేతిలో పెట్టి విషయం మొత్తం చెప్పేసింది. తమిళనాట ఐదో తరగతి దాకా పిల్లలకి పొద్దున టిఫిన్ ప్రభుత్వమే పెడుతుంది. మధ్యాహ్నం భోజనం పదో తరగతి దాకా ఉంది. ఆరు నుంచి పది వరకు చదివే పిల్లలకి పొద్దునే ఏమీ లేదు. వాళ్ళలో చాలామంది తల్లులు తెల్లవారకముందే జీపుల్లో కొండ పైకి ఏలకుల తోటల్లో కూలికి పోతారు. ఆ లోటు పూడ్చేది సరోజక్క వంటిల్లు. నూటముప్పై మందికి వారానికి ఐదురోజులు వండుతారు.

బియ్యం ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ సాయంత్రం చూశాను. ఇక్కడి తెలుగిళ్ళలో ఒక ఆచారం ఉంది. అన్నానికి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తారు. పూర్వం గుడికో, వచ్చిపోయేవాళ్ళకో అది పోయేదట. ఇప్పుడు నలభైరెండు ఇళ్ళ కుండలు బడిపిల్లలవి. శుక్రవారం లక్ష్మీదేవిదని ఏ ఇల్లాలూ బియ్యం గడప దాటనివ్వదు కాబట్టి వసూలు గురువారం సాయంత్రమే. సరోజక్క వెంట రెండు సంచులు పట్టుకుని నేనూ తిరిగాను. కొన్ని ఇళ్ళలో తెల్లసంచిలో పోశారు, కొన్ని ఇళ్ళలో గోనెసంచిలో. నేను పట్టించుకోలేదు. ఒక ముసలావిడ నా తెలుగు విని, “మీ మాట సినిమాలో మాదిరి ఉండాది” అని నా బుగ్గ పుణికింది. నాకు తెగ సంతోషమైంది.

తిరిగొచ్చాక సరోజక్క కూరగాయలు తేవడానికి బజారుకు పోతూ, సంచులు వంటింట్లో పెట్టమంది. అంతే చెప్పింది. నా చేతులు ఊరుకోవు కదా. అక్కడ రెండు పెద్ద డ్రమ్ములున్నాయి, ఒకటి తెల్లది, ఒకటి నీలంది, రెండూ సగం సగం. ఇదేం పొందిక, ఒకటి నింపితే రెండోది ఖాళీ అవుతుంది, కడిగి ఆరబెట్టొచ్చు అనుకున్నాను. రెండు డ్రమ్ముల బియ్యం, రెండు సంచుల బియ్యం ఒక్కదాంట్లో పోసి, అడుగునుంచి పైకి చేత్తో కలిపి, ఖాళీ డ్రమ్మును తళతళలాడేట్టు తోమి బోర్లించాను. సాయం చేశానన్న తృప్తితో కంటినిండా నిద్రపోయాను.

పొద్దున ఐదుకి ముందే వంటింట్లో దీపాలు వెలిగాయి. సరోజక్క, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు. శుక్రవారం పొంగలి. పెసరపప్పు అప్పటికే ఉడుకుతోంది. మిరియాలు, జీలకర్ర, అల్లం సిద్ధం. సరోజక్క డ్రమ్ము మూత తీసి చేయి పెట్టింది, బియ్యం అరచేతిలోకి తీసుకుని దీపం కిందకి పట్టింది. ఆవిడ నన్ను పిలవలేదు, నేనే వెళ్ళి నిలబడ్డాను.

“ఏమి చేస్తివి మా? తెల్ల డ్రమ్ముది పచ్చరిసి, దీంట్లోది పుళుంగలు. రెండూ కలిపితే పచ్చరిసి గుజ్జైపోతాది, పుళుంగలు పలుకుగానే ఉంటాది. పొంగలి కాదు.”

అరిసి అంటే తమిళంలో బియ్యం; పచ్చరిసి మన పచ్చి బియ్యం, పుళుంగలంటే మన ఉప్పుడు బియ్యమే. మా ఇంట్లో సోనా మసూరి తప్ప ఇంకోటి కొనం, నాకు ఆ తేడా తట్టనే లేదు. ఏ ఇంట ఏది వాడతారో దాన్ని బట్టి వేరువేరుగా సంచుల్లో పోశారని అప్పుడు వెలిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. శుక్రవారం కాబట్టి ఇరుగుపొరుగునీ బియ్యం అడగలేం, కొట్లు ఎనిమిదిన్నర దాకా తెరవరు. దానికితోడు అసలు ప్రమాదం అప్పుడే చెప్పారు. పోయిన నెల గ్యాసు అయిపోయి ఒకసారి, వాన పడి ఒకసారి టిఫిన్ ఆలస్యమైంది. పదో తరగతికి ఎనిమిదిన్నరకి ప్రత్యేక క్లాసు మొదలవుతుంది, తినే పిల్లలు క్లాసు మధ్యలో వస్తున్నారని పై అధికారులు అడిగారట. ఇంకోసారి ఎనిమిది దాటితే బడి ఆవరణలో పెట్టనివ్వనని హెడ్‌మిస్ట్రెస్ తెగేసి చెప్పింది. ఆవిడ మాటంటే మాటే. అంటే ఆరేళ్ళ పని నా శుభ్రత పిచ్చి వల్ల ఆరోజుతో ఆగిపోతుందన్నమాట.

నేను ఏడుపు మొహంతో, ఊళ్ళో హోటల్ నుంచి ఇడ్లీలు తెప్పిద్దాం, నేనే కొంటానన్నాను. నూటముప్పై మందికి మూడేసి ఇడ్లీలు, ఏ హోటలు గంటలో ఇస్తుంది? సరోజక్క నా మాట పట్టించుకోలేదు. ఒక క్షణం పొయ్యి మీద పప్పు వైపు చూసి, “విడు మా, ఏడ్చేదానికి నేరం లేదు. ఉప్పిండి చేస్తాము” అంది. నేరమంటే తమిళంలో సమయం.

ఉప్పిండి! మా అమ్మమ్మ పోయాక ఆ మాట ఎవరి నోటా వినలేదు. బియ్యాన్ని నూకగా విరగ్గొట్టి, పెసరపప్పు వేసి ఎసట్లో ఉడికించడం. నూకైపోతే పచ్చిదో ఉప్పుడుదో పెద్ద తేడా ఉండదు, రెండూ ఉడుకుతాయి. సరే, పన్నెండు కిలోలు విరగ్గొట్టేదెవరు? రెండు వీధుల అవతల పిండిమిల్లు ఉంది, దాని యజమాని రంగసామి మిల్లు వెనకే ఉంటాడు. బియ్యం మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని ఆవిడ మొపెడ్ తీసింది, నేను ఇంకో మూట ఒళ్ళో పెట్టుకుని వెనక ఎక్కాను. రంగసామి బనీనుతో, దువ్వని జుట్టుతో వచ్చి విషయమంతా విన్నాడు. తెలుగువాడే. విన్నాక తల అడ్డంగా ఊపాడు.

“కాదనలేదు అక్కా. నిన్న సాయంత్రం అంతా మిరపకాయలే ఆడినాను. ఇప్పుడు అరిసి పోస్తే బిడ్డలు తింటారా? నోరు మండి ఏడుస్తారు.”

సరోజక్క వెనకడుగు వెయ్యలేదు. ముందు రెండు కిలోలు పోసి రాళ్ళు శుభ్రం చెయ్యమంది, ఆ రెండు కిలోలు పోయినా ఫరవాలేదంది. రంగసామి రాళ్ళు వదులు చేసి, బ్రష్‌తో దులిపి, మిషన్ ఆన్ చేశాడు. మొదట వచ్చిన నూక ఎర్రగా ఉంది, ఆ ఘాటుకి ముగ్గురం తుమ్మలేక చచ్చాం. రెండోసారి పోసింది కొంచెం లేతరంగు. మూడోసారి తెల్లగా వచ్చింది. ప్రతి దఫా చిటికెడు నాలుక మీద వేసుకుని చూసే పని నాకప్పగించారు. తప్పు చేసినవాళ్ళకి తగిన ఉద్యోగమే. ఆరింబావుకి మూటలు కట్టాం. డబ్బు తీసుకోమంటే రంగసామి చేయి అడ్డం పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే పొయ్యి మీదికి పెద్ద గిన్నెలెక్కాయి. ఆవాలు, సెనగపప్పు, కరివేపాకు, మిరియాలు చిటపటలాడాయి. కొలిచిన నీళ్ళలో ఉడికిన పప్పు కలిపి, మరిగాక నూక పోస్తూ ఇద్దరు తెడ్లతో తిప్పారు. నేను కొబ్బరి తురుముతూనే ఉన్నాను, కొబ్బరి విషయంలో ఆ ఇంట్లో కొరత లేదు. ఏడు నలభైకి మూతలు పెట్టి ఆటోలోకి ఎక్కించాం. బడి గేటు దగ్గర దిగేసరికి ఏడు యాభై నాలుగు. హెడ్‌మిస్ట్రెస్ వరండాలో నిలబడి ఉంది, చేతికి గడియారం. పిల్లలకి పెట్టకముందు ఆవిడ ఒక ముద్ద తినాలి, అది నియమం. స్పూన్ నోట్లో పెట్టుకుని, ఇవాళ పొంగల్ కదా అని తమిళంలో అడిగింది. సరోజక్క నోరు తెరవకముందే నేను ముందుకొచ్చి, నాకొచ్చిన ముక్కలు ముక్కల తమిళంలో తప్పు నాదేనని చెప్పుకున్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఇంకో స్పూన్ తింది. సోమవారం కూడా ఎనిమిదే అని చెప్పి లోపలికి వెళ్ళింది. పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు, మూడొంతులమంది రెండోసారి వచ్చారు. ఎనిమిదీ ఇరవై అయిదుకి పాత్రలు ఖాళీ.

గిన్నెలు తోముతూ సరోజక్కని అడిగాను. అంత గాభరా పడ్డాం కదా, ఆ ఒక్కరోజుకి బడికి కబురు పంపి మానేస్తే ఏమయ్యేది, హెడ్‌మిస్ట్రెస్ కూడా కాదనేది కాదేమో అని. ఆవిడ తోమడం ఆపలేదు.

“మేము పెట్టేది తెలిసినాక తల్లులు పొద్దున పొయ్యి వెలిగించేది విడిచినారు మా. ఇంతకుముందు పాచి అన్నమైనా పెట్టి పోతుండిరి. మేము పెట్టకపోతే ముందరి కన్నా ఎక్కువ పసి. మొదలుపెట్టకుండా ఉంటే ఏ తప్పూ లేదు. మొదలుపెట్టి విడిస్తే, ఆ పసి మాది.”

పసి అంటే ఆకలి.

మధ్యాహ్నం ఆ ఎర్రనూకతోనే నా భోజనం, మంచినీళ్ళు చెంబుడు తాగి తిన్నాను. రెండింటికి బయల్దేరి తేని మీదుగా మదురై బస్సెక్కాను. తేని నుంచి రెండుగంటలు, అరప్పాళయం బస్టాండులో దింపుతాడు. అక్కణ్ణుంచి రైల్వే స్టేషనుకి సిటీ బస్సులున్నాయి, ఆటో అవసరం లేదు. దారిలో మా తెనాలి హైస్కూలు అటెండర్‌కి ఫోన్ చేశాను. మేం ఆపేశాక పిల్లలు ఏం చేశారని అడిగాను. అతను మొహమాటపడ్డాడు. “నాలుగైదు రోజులు వచ్చి షెడ్డులో కూర్చున్నారండీ, కంచాలతో. తర్వాత మానేశారు” అన్నాడు. అన్నాళ్ళూ మేం ఆ బడి ముందునుంచి పోలేదు, మొహం చెల్లక పక్కవీధిలోంచి తిరిగాం. మేం సిగ్గుపడుతున్నామనుకున్నాను గానీ వాళ్ళు ఎదురుచూస్తున్నారని నాకు తట్టలేదు. మదురై వచ్చేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను, పక్కసీటు ఆవిడ పాపం నాకు అరటిపండు ఇచ్చింది. స్టేషన్‌లో కూర్చుని మా వీధి ఏడుగురికీ వరసగా ఫోన్ చేశాను. ఇద్దరు రామన్నారు, ఒకరు ఆలోచిస్తానన్నారు, నలుగురు సరేనన్నారు. ఐదుగురం చాలు. వచ్చే నెల ఒకటో తారీఖున ఆ షెడ్డులో పొయ్యి వెలుగుతుంది. ఈసారి ఆపే అధికారం మాకు లేదు.

ఇలాంటి వంటిల్లు చూడాలని వెళ్ళేవాళ్ళు గురువారం మధ్యాహ్నానికి చిన్నమనూరు చేరుకోండి, వసూలు, వంట రెండూ చూడొచ్చు. డ్రమ్ముల జోలికి పోకండి. చూసొచ్చి మీ ఊళ్ళో మొదలుపెట్టాలనుకుంటే మాత్రం, గిన్నెలు కొనకముందే మీకు జ్వరం వచ్చినరోజు వండే మనిషి ఎవరో ఖాయం చేసుకోండి.