రెండువందల పన్నెండు పేజీలు

కోర్టు రికార్డు గదిలో కేసు కట్టలు కుట్టే ఆయన్ని అందరూ సూదిబాబాయి అంటారు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, దబ్బనంతో కాగితాలకి మూడు చిల్లులు పొడిచి, మైనం పట్టించిన దారం లాగి ముడేసి, మిగిలిన కొసని పంటితో కొరికేస్తాడు. పేజీల నంబర్లు ఎర్ర పెన్సిలుతో తనే వేస్తాడు. "జడ్జీలు మారొచ్చుగానీ నా లెక్క మారదు" అని మీసం దువ్వుకునేవాడు.

ఆ దువ్వడం మానేసి రెండేళ్ళయింది. అప్పుడొక హత్య కేసు కట్టకి నంబర్లు వెయ్యబోతుంటే సర్కారు వకీలు వచ్చి, అందులోంచి ఒక కాగితం లాగి కోటు జేబులో పెట్టుకున్నాడు. "ఇది అక్కర్లేదులే, మిగతావి కుట్టెయ్." విచారణకి ముందే కన్నుమూసిన మిల్లు కాపలాదారు వాంగ్మూలం అది. హత్య జరిగిన వేళకి ముద్దాయి మిల్లులో తన కళ్ళెదుటే ఉన్నాడని చెప్పాడు. బాబాయి అంతకుముందే చదివాడు. చదివి కూడా, "అలాగేనండి" అని కుట్టేశాడు. ముద్దాయికి ఉరిశిక్ష పడింది. అప్పుడు గుండె చిక్కబట్టుకుని పెద్దగుమాస్తాకి చెబితే, "ఏదీ ఆ కాగితం? చూపించు" అన్నాడాయన.

ఇవాళ ముద్దాయి తల్లి క్షమాభిక్ష అర్జీకి నకళ్ళ కోసం వచ్చి, బల్ల ముందు నిలబడింది.

"నాకు చదువు రాదన్నయ్యా. కాగితాలన్నీ ఉన్నాయో లేదో నువ్వే చూసి చెప్పు."

బాబాయి వేలు తడి చేసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్కపెట్టాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, లెక్క తప్పితే బాగుండుననిపించింది. తప్పలేదు. రెండువందల పన్నెండు.

"సరిపోయిందమ్మా."

"చల్లగా ఉండన్నయ్యా" అని ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.